వరసలో ఆఖరి భిక్షాపాత్ర

బువాలాయ్ అక్కకి ముక్కు మీద కోపం. ఆ సంగతి మా నోంగ్ సిమ్ ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె చాప నేస్తున్నప్పుడు పొరపాటున తుంగపోచలు తొక్కిన కోడి మళ్లీ ఆ అరుగు వైపు చూసేది కాదు. అయితే ఆ కోపం తనకి మంచిది కాదని అందరికంటే ముందు గ్రహించింది కూడా ఆమే. భర్త పోయిన మరుసటి ఏడు విహారానికి వెళ్లి, పెద్ద భిక్షువు ముందు కూచుని, "నా నోరు నా మాట వినడం లేదు స్వామీ, ఏదైనా దారి చూపించండి" అని అడిగింది.

పెద్ద భిక్షువుని మేమంతా లువాంగ్ పో అంటాం. ఆయన ఆమెకి మైత్రీ ధ్యానం నేర్పారు. కళ్లు మూసుకుని ముందు తన సుఖం కోరుకోవాలి. ఆ తరవాత తనవాళ్ల సుఖం, ఆపైన ముక్కూ మొహం తెలియనివాళ్ల సుఖం, అన్నిటికంటే చివర పగవాళ్ల సుఖం. అక్క పట్టుదల గల మనిషి. చాపలో ఒక పోచ వంకర పోతే మొత్తం విప్పి మళ్లీ నేసే రకం. ధ్యానాన్నీ అట్లాగే పట్టింది. కొన్నేళ్లకి, నెలకి నాలుగుసార్లు వచ్చే ఉపోసథ వ్రతం రోజున తెల్లబట్టలు కట్టుకుని వచ్చిన ఆడవాళ్లందరి చేతా మైత్రీ పాఠం చదివించే పని ఆమెదే అయింది. పగవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు ఇంకాస్త తియ్యగా మారేది. నేను ఆమె పక్కింటిదాన్ని, నా పేరు లామ్యాయ్. ఆ గొంతు వింటూ, అసలు ఈమెకి పగవాళ్లెవరున్నారు కనక అనుకునేదాన్ని.

ఆమెకి ఒక్కతే కూతురు, పికున్. పట్నంలో మందుల కొట్టులో పని చేసేది. పొద్దున్నే మోటారుసైకిలు మీద వెళ్లి చీకటి పడేలోపు వచ్చేది. చెరకు కోతల కాలంలో ఒక సాయంత్రం, ఇంటికొస్తూ, ముందు వెళుతున్న చెరకు లారీని వెనకనుంచి గుద్దుకుంది. ఆ లారీకి వెనక దీపం లేదు. ఉందిగానీ వెలగదు. వెలగదని డ్రైవరుకి తెలుసు. ఈ ఒక్క లోడూ దింపేసి బాగు చేయిద్దామనుకున్నాడట. ఆ మాట అతనే పోలీసుల ముందు ఒప్పుకున్నాడు.

డ్రైవరు పేరు బున్‌తొమ్. ఛయాఫూమ్ వైపు మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి. పికున్‌ని దహనం చేసే రోజున అతను గుండు గీయించుకుని, తెల్లబట్టల్లో, పూలూ కొవ్వొత్తులూ పెట్టిన పళ్లెంతో విహారానికి వచ్చాడు. చితి ముందు కొద్ది రోజులకి భిక్షు దీక్ష తీసుకుని ఆ పుణ్యం పోయినవాళ్లకి ధారపోయడం మా వైపు ఉన్నదే. కొడుకులు తీసుకుంటారు, మనవళ్లు తీసుకుంటారు. చావుకి కారణమైనవాడు తీసుకోవడం కూడా కొత్త కాదు. కాకపోతే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి.

అతను మోకాళ్ల మీద వచ్చి పళ్లెం అక్క ముందు పెట్టాడు.

"అమ్మా, మీ అమ్మాయి కోసం దీక్ష తీసుకోనివ్వండి."

అక్క పళ్లెం వైపు చూడలేదు. "ఆ చేతుల్తో తెచ్చిన పూలు నాకొద్దు" అంది.

ఊరంతా అక్కడే ఉంది. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు ఆమె చెపితే పాఠం నేర్చుకున్నవాళ్లే. లువాంగ్ పో కళ్లు దించుకుని కూచున్నారు. నేను వెనకనుంచి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. చాలాసేపటికి ఆమె పళ్లెం అంచుని ఒక్క వేలితో ముట్టుకుంది.

"నా కూతురి పుణ్యానికి నేనెందుకు అడ్డం పడాలి? కానివ్వండి" అని మొహం తిప్పుకుంది.

నాలుగు రోజులుండి వెళ్లిపోతాడనుకున్నాం. సాధారణంగా అంతే. కానీ బున్‌తొమ్ వెళ్లలేదు. ఎండలు ముదిరాక పూర్తి దీక్ష తీసుకుని, వానల మూడు నెలలూ భిక్షువులు కదలకుండా ఒకే చోట గడిపే వర్షావాసం కూడా మా ఊరి విహారంలోనే ఉంటానన్నాడు.

అక్కకి అసలు కష్టం అప్పుడు మొదలైంది.

మా వీధిలో ఆడవాళ్లం తెల్లవారుతుండగా చెప్పులు విడిచి, దారి పక్కన వరసగా మోకాళ్ల మీద కూచుంటాం. ఒక్కొక్కళ్ల ఒడిలో వెదురు బుట్ట, అందులో ఆవిరి మీద ఉడికిన జిగురన్నం. భిక్షువులు మాట్లాడకుండా, దీక్షలో పెద్దవాళ్లు ముందూ చిన్నవాళ్లు వెనకా నడిచి వస్తారు. ఒక్కో పాత్రలో చిన్న ముద్ద వేస్తాం. కొత్తవాడు కనక బున్‌తొమ్ అందరికంటే చివర. అక్క ముందునుంచీ అందరికీ భక్తిగా ముద్దలు వేసేది. ఆఖరి పాత్ర తన ముందుకి వచ్చేసరికి బుట్ట మీద మూత పెట్టేసేది. అతను ఆగి, పాత్ర మూత తీసి, కాసేపు నిలబడేవాడు. తరవాత మూత పెట్టుకుని నా ముందుకి వచ్చేవాడు. నేను ముద్ద వేసేదాన్ని. పక్కన ఆమె ఊపిరి బరువుగా వినిపించేది.

రోజూ ఇదే. అతను ఆగకుండా దాటిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆగేవాడు. ఆమె లోపలికి వెళ్లిపోవచ్చు. వెళ్లేది కాదు.

ఒక రోజు ఎదురింటి ముసలావిడ ఉండబట్టలేక, "ఏమే బువాలాయ్, నీ బుట్టలో అన్నం అయిపోయిందా? మా ఇంట్లోంచి పట్టుకురానా?" అంది.

"అన్నం అయిపోలేదు. నా కూతురు అయిపోయింది" అంది అక్క.

ఆ తరవాత ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

ఉపోసథం రోజున ఆమె మామూలుగానే పాఠం చదివించేది. కానీ పగవాళ్ల దగ్గరికొచ్చేసరికి గొంతు పెగిలేది కాదు. పెదాలు కదిలించి ఊరుకునేది. మేమే గట్టిగా చదివి ఆ ఖాళీ పూరించేవాళ్లం. చివరికి ఒక సాయంత్రం నన్ను తోడు తీసుకుని లువాంగ్ పో దగ్గరికి వెళ్లింది. ఆయన ఆవరణలో ఆకులు ఊడుస్తున్నారు.

"స్వామీ, ఆ మనిషిని వేరే విహారానికి పంపించండి."

"ఎందుకమ్మా?"

"పొద్దున్నే లేచి నా కూతురి చావు మొహం చూడాల్సొస్తోంది."

ఆయన చీపురు చెట్టుకి ఆనించారు. "పంపిస్తా సరే. నీ కోపం కూడా మూట కట్టుకుని అతని వెంట పోతుందంటావా?"

"పోకపోతే పోదు. ఆ మొహమైనా కనపడదు."

"నిన్ను క్షమించమని నేను అనను బువాలాయ్. మైత్రి చెయ్యమనీ అనను. అంత బరువు ఇప్పుడెత్తితే నడుం విరుగుతుంది. అన్నం కూడా పెట్టొద్దు. కానీ మూత పెడతావు చూడు, ఆ చేతిని చూడు. కోపం వచ్చింది, చేతిలోకి దిగింది, మూత పెడుతోంది అని తెలుసుకుంటూ పెట్టు. అంతే."

"అంతేనా? ఇంత చదువు చదివి మీరిచ్చే మందు ఇదా?"

"ఇదే. చేదుగా కూడా ఉండదు, మింగు" అని ఆయన మళ్లీ చీపురు పట్టుకున్నారు.

దారంతా గొణుక్కుంటూనే వచ్చింది. కానీ మర్నాడు పొద్దున ఆమె కళ్లు దించి తన చేతినే చూసుకోవడం నేను గమనించాను. చాప నేయడానికి ఇద్దరు కావాలి, ఒకరు పోచ అందిస్తే ఒకరు నేత పలక దించాలి. మేమిద్దరం కలిసి నేసేవాళ్లం. కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం పలక ఆపి అంది:

"లామ్యాయ్, కోపం ఎక్కడుంటుందో తెలుసా? గుండెల్లో ఉంటుందనుకున్నా. కాదే. ముందు దవడలోకి వస్తుంది. పళ్లు బిగుసుకుంటాయి. తరవాత భుజం. చేతిలోకి వచ్చేది ఆ తరవాతే."

"అయితే పళ్లు పీకించేసుకో అక్కా, పీడా పోతుంది."

ఆమె నవ్వింది. పికున్ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

వానలు పడ్డాయి. పొలాలు నిండాయి. దారంతా బురదలో భిక్షువులు గొడుగులు పట్టుకుని వస్తున్నారు. ఒక పొద్దున బున్‌తొమ్ కాలికి ఏదో గుచ్చుకుని నెత్తురు కారుతోంది. బురదలో కలిసి ఎర్రగా ఒక చార. అతను ఎప్పటిలాగే ఆగాడు, పాత్ర మూత తీశాడు, నిలబడ్డాడు. అక్క అతని పాదం వైపు చూసింది. బుట్ట మీద మూత పెట్టింది.

ఆ రోజు నేతకి కూచున్నాక ఆమె మొహం వింతగా ఉంది.

"ఇవాళ వెతికానే. దొంగ దూరాడేమోనని ఇల్లంతా దీపం పట్టుకుని వెతుకుతారు చూడు, అట్లా. దవడలో లేదు, భుజంలో లేదు. ఎక్కడా లేదు."

"మరి మూత ఎందుకు పెట్టావ్?"

ఆమె చాలాసేపు తుంగపోచలు సర్దింది. "ఇన్ని నెలలు పెట్టనిదాన్ని ఇవాళ పెడితే ఏమంటారే? కూతుర్ని అప్పుడే మరిచిపోయిందంటారు."

"ఎవరంటారు అక్కా?"

"ఎవరో ఒకరు. పికున్ అనుకోదూ? రేపు పెడతాలే."

ఆ రేపు ఎప్పుడూ రాలేదు. ఎల్లుండి పండగ కదా, అప్పుడు పెడతానంది. పండగ నాడు జనం ఎక్కువున్నారంది. ఆమెలో కోపం పోయింది, నేను దగ్గరుండి చూశాను. కానీ కోపంగా కనిపించడం మానడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. ఆ చెయ్యి అలవాటుగా మూత పెట్టేసేది. పాపం, దాన్ని చూస్తూనే పెట్టేది.

వర్షావాసం ముగిసింది. భిక్షువులకిచ్చే వస్త్రదానాల సందడి కూడా అయిపోయింది. ఒక పొద్దున బున్‌తొమ్ ముందు నడిచే భిక్షువుకి అక్క ముద్ద వేసి, మూత పెట్టబోయి, తలెత్తి చూసింది. వెనక ఎవరూ లేరు. వీధి చివరిదాకా చూసింది. అప్పుడు గమనించాను, ఆమె ఎడమ చేతిలో ఇంకో ముద్ద ఉంది. అది ఆ రోజుకే పట్టుకుందో, అంతకుముందు ఎన్ని రోజులు పట్టుకుని మళ్లీ బుట్టలో వేసిందో నేను అడగలేదు.

విహారానికి పరుగెత్తినట్టే వెళ్లాం.

"నిన్న కాషాయం విడిచి వెళ్లిపోయాడమ్మా. వాళ్లమ్మ మంచాన పడిందట" అన్నారు లువాంగ్ పో.

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"నీకు చెప్పాలని ఎవరికి తోస్తుంది బువాలాయ్?" అన్నారాయన. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అది లేకపోవడమే ఆమెకి ఎక్కువగా గుచ్చుకుంది.

చలికాలం మొదలయ్యాక ఒక రోజు ఆమె జిగురన్నం అరిటాకులో కట్టుకుని, కాల్చిన చేప పెట్టుకుని, "ఛయాఫూమ్ పోదాం పద" అంది. ఎందుకని నేను అడగలేదు. బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. బున్‌తొమ్ లారీ తోలడం మానేశాడట. కర్రపెండలం ముక్కలు ఎండబెట్టే కళ్లంలో పనికి కుదిరాడు. మేం వెళ్లేసరికి పార పట్టుకుని ముక్కలు తిరగేస్తున్నాడు. జుట్టు పెరిగింది. అక్కని చూడగానే పార వదిలేసి, ఆ కాలుతున్న సిమెంటు గచ్చు మీదే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"లే, లే. మోకాళ్లు బొబ్బలెక్కుతాయి" అంది అక్క.

అతను మమ్మల్ని రేకుల పంచలోకి తీసుకెళ్లి, జాడీలోంచి వాననీళ్లు ముంచి తెచ్చాడు. వాళ్లమ్మ ఎట్లా ఉందని నేనడిగాను. పోయిందన్నాడు. అక్క నీళ్ల గ్లాసు పక్కన పెట్టి అసలు మాట ఎత్తింది.

"పెట్టనని తెలిసీ రోజూ నా ముందు ఎందుకాగేవాడివి?"

అతను నేల వైపు చూస్తూ చెప్పాడు. "ఆ సాయంత్రం రోడ్డు మీద కూడా ఆగకుండా పోయి ఉండొచ్చమ్మా. ఎవరూ చూడలేదు. అప్పుడాగినవాణ్ని, ఇప్పుడు మీ ముందు దాటిపోతే ఎట్లా అనిపించింది."

"నా మీద కోపం రాలేదా?"

"రాకేం." కొంచెం సిగ్గుపడ్డాడు. "గుండు గీయించుకున్నా, పెళ్లాన్ని పుట్టింటికి పంపా, ఈ ముసలమ్మకి ఇంకా ఏం కావాలి అని లోపల తిట్టుకుంటూ నడిచిన రోజులున్నాయి. లువాంగ్ పోకి చెప్పుకున్నా. పాత్ర మూత తీసే చేతిని చూసుకోమన్నారు. కోపం అందులోకి ఎట్లా దిగుతుందో చూడమన్నారు."

"నాకూ అదే చెప్పారయ్యా" అంది అక్క.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే దారిలో, ఒకే పొద్దున, ఒకరికొకరు మూరెడు దూరంలో, ఇద్దరూ తమ తమ చేతుల్నే చూసుకుంటూ గడిపారన్నమాట ఆ వానాకాలమంతా.

అక్క అరిటాకు పొట్లం విప్పి అతని ముందు పెట్టింది. అతను రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

"ఇప్పుడు నేను భిక్షువుని కానమ్మా. నాకు పెడితే మీకు పుణ్యం రాదు."

"పుణ్యం సంగతి తరవాత. తిను."

అతను తింటుంటే ఆమె చూస్తూ కూచుంది. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే బాగుండేదేమో. చేప కూడా తిన్నాక అడిగింది:

"మా పికున్ చివర్న ఏమైనా అందా?"

అతను ఖాళీ అరిటాకు మడుస్తూ ఆగాడు. "పోలీసులకి అంతా చెప్పానమ్మా."

"పోలీసుల సంగతి కాదు. నిన్నడుగుతున్నా. దాని తల నీ ఒళ్లో ఉందని చెప్పారు. ఏమైనా అందా?"

"అది… ఆ అమ్మాయి చెప్పొద్దంది."

"ఎవరికి?"

"మీకే."

అక్క అతని వైపు చూస్తూనే ఉంది. ఆ చూపు తట్టుకోలేక అతనే చెప్పాడు.

"బండి వైపు చూసిందమ్మా. ముందు చక్రం వంగిపోయి ఉంది. 'కొత్త బండి. అమ్మకి చెప్పకండి' అంది. మళ్లీ అంది. నేను బాగు చేయించి ఇస్తానన్నా, మీ అమ్మకి తెలీనివ్వనన్నా. అప్పుడు కాస్త నెమ్మదించింది. ఆ తరవాత మాట్లాడలేదు."

"నొప్పి అనలేదా?"

"లేదమ్మా. బండి గురించే."

కళ్లంలో గాలికి కర్రపెండలం పొడి లేస్తోంది. అక్క నీళ్ల గ్లాసు తీసుకుని తాగింది. ఖాళీ గ్లాసు అతని చేతికిచ్చి, "దాచావు. మంచిపని చేశావు. నేనే అడిగాను" అంది. లేచి నిలబడింది. అతను మళ్లీ ఆమె కాళ్ల దగ్గర వంగాడు. ఈసారి ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

తిరుగు బస్సు సగం దారి వచ్చింది. అప్పుడు అక్క అంది, "నువ్వు విన్నావు కదూ ఆ రోజు. అద్దం రోజు."

విన్నాను. పికున్ చనిపోవడానికి ముందు నెలలో ఆ బండి అద్దం పగిలింది. పట్నంలో ఎవడో తగిలించి పోయాడు. రెండు రోజులు దాచిందా పిల్ల. తెలిశాక అక్క వేసిన కేకలు మా వంటింట్లోకి వినిపించాయి. ఆ రాత్రి పికున్ మా ఇంట్లోనే అన్నం తిని, మా ఇంట్లోనే పడుకుంది. "ఇంకోసారి దీనికేమన్నా అయిందా, ఇంటికి రాకు" అంది వాళ్లమ్మ. ఏ తల్లయినా కోపంలో అనే మాటే. నేను కూడా అన్నాను మా పిల్లల్ని.

"విన్నా అక్కా. అది నీ మాట కాదు, కోపం మాట. పికున్‌కి తెలుసు."

"ఆ రోజు ఉపోసథం లామ్యాయ్. పొద్దున విహారంలో మీ అందరి చేతా పాఠం చదివించాను. పగవాళ్లకి సుఖం కోరుకుని, తెల్లబట్టలు కూడా మార్చకుండా ఇంటికొచ్చి దాన్ని..." కిటికీ వైపు తిరిగి, ఊరొచ్చేదాకా ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూచోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

ఆ తరవాత ఆమె పాఠం చదివించడం మానేసింది. లువాంగ్ పో రెండు మూడు సార్లు అడిగి ఊరుకున్నారు. అందరి వెనకా, స్తంభం పక్కన కూచుంటుంది. ధ్యానం మాత్రం మానలేదు. ఒకసారి నాతో అంది: "అప్పట్లో నా సుఖం ఒక్క మాటలో తేల్చేసి, నావాళ్ల సుఖం ఇంకో మాటలో అనేసి, గబగబా పగవాళ్ల దగ్గరికి పరుగెత్తేదాన్నే. అక్కడైతే నలుగురూ మెచ్చుకుంటారు. ఇప్పుడు రెండో మాట దగ్గరే కూచుంటున్నా. అది దాటి పోబుద్ధి కావడం లేదు."

పికున్ పేరున చేసే ఏడాది పూజకి బున్‌తొమ్ వస్తాడు. భార్యని కూడా తీసుకొస్తాడు. వంటవాళ్లతో కలిసి కొబ్బరి తురుముతాడు, గిన్నెలు తోముతాడు. అక్కా అతనూ పెద్దగా మాట్లాడుకోరు. వెళ్లేటప్పుడు ఆమె ఒక చాప చుట్టి ఇస్తుంది. ఊళ్లో వాళ్లు మొదట్లో గుసగుసలాడారు, ఇప్పుడు అదీ మానేశారు. ఆమె అంతగా భయపడిన మాటలు ఆ నాలుగు గుసగుసలే.

కోపం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. మొన్న మా మనవరాలు, ఆరేళ్ల పిల్ల, అక్క అరుగు మీద ఆడుకుంటూ తుంగపోచలకి వేసే ఎర్రరంగు బిందె తన్నేసింది. నేసి ఆరబెట్టిన చాప సగానికి సగం తడిసిపోయింది. అక్క "ఏమే!" అని ఒక్క కేక వేసింది. అంతే, ఆగిపోయింది. దవడ బిగుసుకోవడం, మళ్లీ వదులవడం నాకు కనిపించింది. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. అప్పటికే పిల్ల పారిపోయి ధాన్యపు కొట్టు వెనక దాక్కుంది.

అక్క అక్కడిదాకా వెళ్లి పిలిచింది. "రావే తల్లీ. నేనేమీ అనను. రంగే కదా, కడిగేద్దాం రా."

పిల్ల రాలేదు. ఎంత పిలిచినా రాలేదు. నేను వెళ్లి ఎత్తుకొస్తానంటే అక్క వద్దంది. కొట్టు ముందు నేల మీద చతికిలబడి, ఇక పిలవకుండా, పిల్ల తనంతట తను వచ్చేదాకా కూచుంటానంది. నేను రంగు కడగడానికి బావి దగ్గరికి వెళ్లాను.